తండ్రి పోయిన ఇంట్లో పిల్లల మొదటి ఏడాది

పత్తి పండే ఊళ్లలో అప్పుల బాధతో రైతు ఆత్మహత్య చేసుకున్న ఇంటికి చాలామంది వస్తారు. పోలీసులు పంచనామాకు వస్తారు, పత్రికల వాళ్లు ఫొటోకు వస్తారు, నాయకులు పరామర్శకు వస్తారు, అప్పులిచ్చినవాళ్లు దినాలయ్యేదాకా ఆగి మరీ వస్తారు. పిల్లల కోసమని వచ్చేవాళ్లు తక్కువ. నేను చేసేది ఆ పని. అదెలా సాగుతుందో, ఎక్కడ చెడుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నా. ఏ ఒక్క పిల్లవాడి కథా ఇందులో ఉండదు. ఇళ్ల గుట్టు ఇళ్లలోనే ఉండాలి.

ముందు ఒక అపోహ తొలగాలి. తండ్రి పోయిన పిల్లలందరికీ మానసిక జబ్బు రాదు. ఎక్కువమంది ఏడుస్తారు, ముడుచుకుంటారు, కస్సుమంటారు, కొన్ని నెలలకు మెల్లగా తేరుకుంటారు. జబ్బు వైపు తోసేది చావు ఒక్కటే కాదు, దాని వెనక వరసపెట్టి వచ్చేవి. బడి ఆగిపోతుంది. తల్లి మంచం పడుతుంది. అన్న ఒక ఊరికి, చెల్లె ఇంకో ఊరికి పోతారు. గడపలో అప్పులవాళ్లు అరుస్తారు. ఏం జరిగిందో ఇంట్లో ఎవరూ చెప్పరు, బడిలో మాత్రం అందరూ చెబుతారు. చావును మనం వెనక్కి తిప్పలేం. దాని వెనక వచ్చేవాటిలో చాలావాటిని ఆపొచ్చు. మేం పెట్టుకున్న పని అంతే.

దీనికి పరిశోధనల బలం కూడా ఉంది. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, తగువుల ఇల్లు లాంటి చాలా కష్టాల్లో పెరిగినవాళ్లలో కూడా దాదాపు మూడో వంతు మంది నిబ్బరమైన పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో తరచుగా కనిపించింది, చిన్నప్పుడు వదలకుండా పట్టించుకున్న ఒక మనిషి. ఆ మనిషి తల్లిదండ్రులే కానక్కర్లేదు, నానమ్మ కావచ్చు, పంతులు కావచ్చు. అమెరికాలోని అరిజోనాలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలున్న 156 కుటుంబాలతో ఒక పరీక్ష చేశారు. పిల్లలకు 12 సమావేశాలు, బతికున్న తల్లికో తండ్రికో విడిగా 12. ఆరేళ్ల తర్వాత చూస్తే కూడా ఆ పిల్లల్లో తేడా ఉంది. అక్కడ సగం పని పిల్లలతో కాదు, పెంచే మనిషితో జరిగింది. మా దగ్గర కౌన్సెలింగ్ అనే మాట చివర్లో వచ్చేది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి. జబ్బు లక్షణాలు లేని పిల్లలకు, ఆప్తులు పోయారన్న కారణంతోనే అందరికీ కట్టగట్టి చికిత్స ఇవ్వొద్దు, పిల్లలను నిద్రపుచ్చడానికి బెంజోడయజిపైన్ జాతి మాత్రలు వాడొద్దు అని. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర తెచ్చిన నిద్రమాత్రను సగం విరిచి పిల్లకు వేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మొదటి రోజే అడిగి మాన్పించాల్సిన విషయం ఇది.

మొదటి వారంలో చేసే పనుల్లో అన్నింటికన్నా కష్టమైనది నిజం చెప్పించడం. చెప్పడం కాదు, చెప్పించడం. బయటి మనిషి నోటి నుంచి ఆ మాట రాకూడదు. తల్లి చెప్పగలిగితే తల్లి, లేకపోతే పిల్లకు బాగా చనువున్న అమ్మమ్మో పెద్దమ్మో. మేం ముందు వాళ్లతో కూర్చుని మాటలు కూర్చుకుంటాం, పక్కన ఉంటాం. ఇళ్లలో మామూలుగా చెప్పేవి మూడు అబద్ధాలు: బాపు పట్నం పోయిండు, బాపు పండుకున్నడు, దేవుడు తీస్కపోయిండు. మొదటిది విన్న పిల్ల బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు మీదికి పరుగెత్తుతుంది. రెండోది విన్న పిల్ల రాత్రి పడుకోవడానికి భయపడుతుంది, తల్లి కునుకు తీస్తే తట్టి లేపుతుంది. మూడోది విన్నది గుడికి రానంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకు చావంటే తిరిగి రానిదని అర్థం కాదు, చెప్పిన తర్వాత కూడా మళ్లీ మళ్లీ అడుగుతారు. అడిగినప్పుడల్లా అవే మాటలు చెప్పాలి. చావు అందరికీ వస్తుందని, ఇక మళ్లీ రావడం ఉండదని తొమ్మిది, పదేళ్లకు గానీ పూర్తిగా గట్టిపడదు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసు ఇంకో రకంగా ప్రమాదం. తాము అనుకున్నదే జరుగుతుందని నమ్మే వయసది. "నిన్న బాపు కొట్టినప్పుడు చచ్చిపో అనుకున్న, గందుకే సచ్చిండు" అని లోపల పెట్టుకుని నెలల తరబడి ఎవరికీ చెప్పని పిల్లలు ఉంటారు. అందుకే అడగకపోయినా చెప్పాల్సిన మాట, "నీ వల్ల కాలేదు" అన్నది.

మేం కూర్చే మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి: "బిడ్డా, బాపు చనిపోయిండు. ఆయన పెయ్యి ఇంక పనిచెయ్యది. ఊపిరి తీసుకోడు, ఆకలి కాదు, నొప్పి తెల్వది. మళ్ల లేవడు." అక్కడ ఆగాలి. పిల్ల ఏడిస్తే ఏడవనివ్వాలి, ఆడుకోవడానికి పోతే పోనివ్వాలి. చిన్నపిల్లలు దుఃఖంలోకి కాసేపు వెళ్లి, బయటికొచ్చి ఆడుకుని, మళ్లీ వెళ్తారు. చూసినవాళ్లు దాన్ని "దీనికి బాధే లేదు" అనుకుంటారు. రెండో మాట కొంచెం ఆగి, అదే రోజో మర్నాడో: "బాపు మనసు బాగ ఖరాబైంది. ఏం చెయ్యాల్నో తెల్వక తన పానం తనే తీసుకున్నడు. నీ వల్ల కాదు, అమ్మ వల్ల కాదు. గసొంటి బాధకు దవఖానల మందు ఉంటది, అడిగితే సాయం చేసేటోళ్లు ఉంటరు. బాపుకు ఆ దారి అందలే." మూడోది, పిల్ల లోపల నిజంగా నలుగుతున్న ప్రశ్నకు జవాబు: నీకు అన్నం ఎవరు పెడతారు, బడికి ఎవరు తోలుతారు, రాత్రి ఎవరి పక్కన పడుకుంటావు. పేర్లతో సహా చెప్పాలి. ఏది తాగాడు, ఎట్లా గిలగిల్లాడాడు అన్న వివరాలు అక్కర్లేదు. ఆత్మహత్య అన్న మాట మాత్రం దాయకూడదు. బడిలో నాలుగో రోజుకు ఎవరో ఒకరు అననే అంటారు. అప్పుడు పిల్లకు తండ్రి పోయిన బాధకు తోడు, ఇంట్లోవాళ్లు అబద్ధమాడారన్న బాధ కలుస్తుంది. దీని మీద పెద్దలతో గొడవ పడాల్సి వస్తుంది, పడాల్సిందే.

దినాల దగ్గర రెండు విషయాలు చూసుకుంటాం. ఒకటి, తల్లి గాజులు పగలగొట్టి బొట్టు తీసే తంతు. వద్దని చెప్పి చూస్తాం. మానే ఇళ్లు పెరుగుతున్నాయి గానీ అందరూ మానరు. మానకపోతే పిల్లలను ఆ పూట ఎవరి ఇంట్లో ఉంచాలో ముందే అనుకుంటాం, తిరిగొచ్చేసరికి అమ్మ వేరుగా కనబడుతుందని వాళ్లకు ముందే చెబుతాం. చుట్టూ ఆడవాళ్లు పట్టుకుని ఉండగా తల్లి అరుస్తున్న ఆ దృశ్యం, తండ్రి శవం కన్నా ఎక్కువగా పిల్లల కలల్లోకి వస్తుంది. రెండోది, కొరివి పెట్టిన కొడుకుతో వచ్చిన ప్రతి బంధువూ అనే మాట: "ఇంక నువ్వే ఇంటి పెద్దోనివి, అమ్మను నువ్వే చూసుకోవాలె." పదకొండేళ్ల పిల్లవాడు దాన్ని ఆజ్ఞగా తీసుకుంటాడు. ఏడవడం మానేస్తాడు, అన్నం తక్కువ తింటాడు, రాత్రిళ్లు తల్లి ఊపిరి తీస్తుందో లేదో చూస్తూ మేలుకుంటాడు. వానాకాలం వచ్చేసరికి బడి మాని కూలికి పోతానంటాడు. ఊరంతా మెచ్చుకుంటుంది కాబట్టి దీన్ని ఎవరూ లక్షణంగా చూడరు. మేనమామతోనో, ఊళ్లో మాట చెల్లే పెద్దమనిషితోనో ఆ పిల్లవాడి ముందే తిరిగి అనిపిస్తాం: "ఇంటి సంగతి మేం చూసుకుంటం. నీ పని బడికి పోవుడు, ఆడుకునుడు." ఒక్కసారి అంటే చాలదు. అయినా కర్మకాండ చేసే హక్కును పిల్లవాడి నుంచి లాక్కోవద్దు. చేస్తానన్నవాణ్ని చేయనిస్తే తండ్రిని సాగనంపిన తృప్తి మిగులుతుంది. వద్దన్నవాణ్ని మాత్రం బలవంతం చేయకూడదు, ఆడపిల్ల చేస్తానంటే ఆపకూడదు.

ఇంట్లో మిగిలిన పురుగుమందు సంగతి ఆ వారంలోనే తేలాలి. ఆత్మహత్య జరిగిన ఇంట్లో మిగతావాళ్లకు ఆ ముప్పు పెరుగుతుంది, ముఖ్యంగా కౌమారంలో ఉన్న పిల్లలకు, తల్లికి. వాడని డబ్బాలు దుకాణానికి తిరిగి ఇచ్చేయడమో, మిగిలిన మందును పాలివాళ్ల కొట్టంలో తాళం కింద పెట్టించడమో చేస్తాం. "దాచిపెట్టినం" అన్న జవాబు చాలదు. పైకప్పు వాసంలో దాచినది పిల్లలకు ముందే తెలిసి ఉంటుంది. శ్రీలంకలో ప్రాణాంతకమైన పురుగుమందులను ఒకటొకటిగా నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. చేతికి అందకపోవడం అనే చిన్న అడ్డు, ఆ గంటలో ప్రాణం కాపాడుతుంది.

ఇక కాగితాలు. పిల్లల మనసుకూ మండలాఫీసుకూ ఏం సంబంధమని అడుగుతారు. డబ్బు ఆగితే తల్లి కుంగుతుంది, తల్లి కుంగితే పిల్లలకు ఉన్న ఆ ఒక్క మనిషీ పోతుంది, సంబంధం అదే. మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గర నమోదు చేయిస్తే మరణ ధ్రువపత్రం ఇబ్బంది లేకుండా వస్తుంది, దాటితే తిరుగుడు మొదలు. తెలంగాణలో పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతుకు 2018 ఆగస్టు 15 నుంచి రైతు బీమా ఉంది. చావుకు కారణం ఏదైనా నామినీకి 5 లక్షలు వస్తాయి. నామినీగా రైతు తల్లి పేరో అన్న పేరో ఉంటే డబ్బు అక్కడికే పోతుంది, కోడలికి దక్కించడానికి కుల పెద్దలు కూర్చోవాల్సి వస్తుంది. కౌలు రైతుకు ఈ బీమా లేదు. వాళ్లకు దిక్కు ఆత్మహత్య పరిహారం. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 421 దీనికి మొదలు. తెలంగాణ 2015లో జీవో 194తో దాన్ని 6 లక్షలు చేసింది: 5 లక్షలు కుటుంబానికి, లక్ష అప్పులు తేల్చడానికి. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు (ఏడీ) ఉన్న త్రిసభ్య కమిటీ వచ్చి విచారించి, అప్పుల వల్ల జరిగిన రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. పోస్టుమార్టం నివేదిక, ఎఫ్ఐఆర్ నకలు, అప్పు కాగితాలు కావాలి. కమిటీ వచ్చే రోజు పిల్లలు ఇంట్లో ఉండకూడదన్నది మా నియమం. తాగుడు అలవాటుందా, మొగుడూ పెళ్లాలకు పడేదా లాంటి ప్రశ్నలు వాకిట్లో అందరి ముందూ అడుగుతారు. జవాబులు పిల్లల చెవిన పడితే, బాపు చావుకు అమ్మ కారణమన్న కథ వాళ్ల బుర్రలో అల్లుకోవడం మొదలవుతుంది.

పిల్లల పేరున నేరుగా వచ్చేది మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్, నెలకు 4,000 రూపాయలు. తల్లి వితంతువై, కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకుండా ఉంటే దరఖాస్తు చేయొచ్చు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి, అంగన్‌వాడీ టీచర్ ద్వారా పంపినా చేరుతుంది. ఆధార్, మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, బడి బోనాఫైడ్, బ్యాంకు ఖాతా పెడతాం. ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఆదాయ పత్రం దగ్గరా, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా బడి రికార్డులో ఇంకోలా ఉండటం దగ్గరా. జాబితా పెద్దది, నిధులు చిన్నవి. అందుకే తల్లికి "వస్తది" అని ఎప్పుడూ చెప్పం, "పెట్టినం" అనే చెబుతాం. వితంతు పింఛను వేరే. తెలంగాణలో 2019లో దాన్ని 2,016 రూపాయలు చేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4,000.

అప్పుల గురించి పెద్ద కొడుకుకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఫైనాన్స్ వాళ్లు, ఆడ్తి వ్యాపారులు దారిలో ఆపి "మీ అయ్య బాకీ నీదే" అంటారు. తండ్రి అప్పు కొడుకు నెత్తిన పుట్టుకతో పడదు. వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. కొడుకుగా ధర్మం కాబట్టి తీర్చాలనే పాత వాదాన్ని హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తీసేసింది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఈ ముక్క తెలిశాక భుజాలు దిగడం కళ్లకు కనబడుతుంది. గంట సేపు ఓదార్చినా అంత పని జరగదు.

తల్లి సంగతి. మొదటి నెలలో ఆమె ఏడుపును కొలవం. ఆరు వారాల తర్వాత కూడా నిద్ర, తిండి, పని దారికి రాకపోతే పీహెచ్‌క్యూ-9 అనే, కుంగుబాటును కొలిచే ప్రశ్నల పత్రం అడుగుతాం. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, 27కు లెక్క, 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. కొందరు కార్యకర్తలు ఆ ప్రశ్న దాటేస్తారు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని. అది నిజం కాదు. అడిగినప్పుడు చాలామంది ఊపిరి వదులుతారు, ఇన్నాళ్లకు ఎవరో అడిగారని. "పిల్లల మొకం చూసి ఆగిన" అనేది తరచుగా వచ్చే జవాబు. ఆ జవాబు వస్తే పని అయిపోయినట్టు కాదు, అక్కడి నుంచే మొదలు. ఎన్నిసార్లు వచ్చింది ఆ ఆలోచన, ఎట్లా అనుకున్నావు, రాత్రి తోడెవరు అని అడగాలి. డాక్టరు దగ్గరికి ఆశా కార్యకర్తనో సంఘం మనిషినో తోడిచ్చి పంపాలి. చీటీ చేతికిచ్చి పొమ్మంటే పోరు.

ఆమెకు మేం ఇచ్చే పని ఒకటే, అదీ చిన్నది. ఒక్కో పిల్లతో రోజుకు పది, పదిహేను నిమిషాలు. ఒంటరిగా, అదే వేళకు. ఆ కాసేపు చదువు గురించి అడగొద్దు, అప్పు గురించి చెప్పొద్దు, పిల్ల ఏం చేద్దామంటే అది. జడ వేయడమైనా సరే, అష్టాచెమ్మా ఆడటమైనా సరే. ముగ్గురు పిల్లలుంటే ముప్పావు గంట, పత్తి ఏరే రోజుల్లో అది కష్టం. అప్పుడు రోజు విడిచి రోజు. ఈ పని మొదటి రెండు వారాలు నిలబడితే తర్వాత పిల్లలే వదలరు. దీనితో పాటు, తండ్రి లేడన్న జాలితో క్రమశిక్షణ వదిలేయొద్దని చెబుతాం. అడిగిందల్లా కొనిచ్చి, తప్పు చేసినా ఊరుకుని, ఓ రోజు విసిగి బాదడం అనేది చాలా ఇళ్లలో జరిగే తీరు. పాత నియమాలు పాతవిగానే ఉంటే ఇల్లు ఇంకా ఇల్లుగానే ఉందని పిల్లకు తెలుస్తుంది.

బడికి పిల్ల ఎప్పుడు పోవాలి? దినాలు కాగానే, రెండు వారాలు దాటకుండా. "కొన్నాళ్లు ఇంట్ల ఉండనీ" అన్నది ప్రేమతో అనే మాటే. కానీ నెల దాటిన గైర్హాజరు బడి మానడంగా మారే దారి చాలా చిన్నది, అక్టోబరు నుంచి పత్తి ఏరుడు నడుస్తుంటే మరీనూ. పిల్ల వచ్చే ముందు రోజు మేం హెడ్మాస్టరునూ తరగతి టీచరునూ కలుస్తాం. ప్రార్థనలో మౌనం పాటించొద్దు, పిల్లలంతా కలిసి చందా వేసి అందరి ముందు ఇవ్వొద్దు. మొదటి రోజు స్నేహితురాలి పక్కన కూర్చోబెట్టండి. ఏడుపొస్తే అడగకుండా బయటికి పోయి నీళ్లు తాగి వచ్చే వీలు ఇవ్వండి. తోటి పిల్లలకు ముందే ఒక్క వాక్యంలో చెప్పండి, ఎలా పోయాడని అడగొద్దని కూడా. వరసగా మూడు రోజులు రాకపోతే మాకు ఫోను చేయండి. చదువులో వెనకబడటం మూడు, నాలుగు నెలలు మామూలే. అప్పుడు హోంవర్కు తగ్గించాలి గానీ తిట్టకూడదు, అలాగని "పాపం" అని వదిలేయనూ కూడదు. టీచరును కౌన్సెలరుగా మార్చాలని మాత్రం మేం చూడం. బీహార్‌లోని నలందా జిల్లాలో 74 బడుల్లో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. అదే కార్యక్రమాన్ని బయటి నుంచి వచ్చిన మామూలు శిక్షణ పొందిన సలహాదారులు నడిపిన చోట పిల్లల దిగులు, బడి వాతావరణం బాగుపడ్డాయి. టీచర్లకే అప్పజెప్పిన చోట తేడా కనబడలేదు. టీచరుకు పాఠమే తలకు మించిన పని. పైగా మార్కులు వేసే మనిషికి పిల్ల మనసులో మాట చెప్పడం ఎక్కడైనా కష్టమే.

హాస్టల్ గురించి మా అభిప్రాయం చాలామందికి నచ్చదు. గురుకులంలోనో కస్తూర్బా విద్యాలయంలోనో సీటు ఇప్పిస్తానని వచ్చే నాయకుడు మంచి మనసుతోనే వస్తాడు. తిండి, చదువు, భద్రత నిజంగానే బాగుంటాయి. కానీ తండ్రి పోయిన నెలలోపు పిల్లను పంపితే, ఆ పిల్ల లెక్కలో పోయింది ఒక్కరు కాదు. తల్లి, తమ్ముడు, ఇల్లు, సోపతి పిల్లలు, అన్నీ ఒకేసారి. "నన్ను కూడ వదిలించుకున్నరు" అన్న మాట ఆ పిల్లల నోటే వస్తుంది. తప్పదనుకుంటే వచ్చే జూన్‌లో, కొత్త తరగతితో, పిల్లకు ముందే చూపించి పంపాలి. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను విడదీయకూడదు. విడదీయాల్సి వస్తే ఆదివారం ఫోను, నెలకొకసారి ఇంటికి రాక అన్నవి ముందే రాసిపెట్టుకోవాలి. ఆడపిల్లకు ఇంకో గండం ఉంది. చావు జరిగిన ఏడాదిలోపు ఇంట్లో శుభకార్యం చేయాలన్న పట్టింపు కొన్ని ఇళ్లలో ఉంటుంది, బరువు దించుకుందామన్న తొందర దానికి తోడవుతుంది. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేయడం 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం నేరం. సంబంధం మాటలు వినబడగానే పిల్లల సహాయ ఫోను 1098కి చెప్పాలి. ముహూర్తం దాకా ఆగితే అందరికీ పరువు సమస్య అవుతుంది.

వారానికోసారి జరిగే పిల్లల గుంపు రెండో నెల నుంచి మొదలుపెడతాం. పది మందికి మించం. ఆరు నుంచి పదేళ్ల వాళ్లు ఒకటి, పైవాళ్లు వేరొకటి. తండ్రులు పోయిన పిల్లలను మాత్రమే ఏరి కూర్చోబెట్టం. అలా చేస్తే ఊళ్లో దానికో పేరు పడుతుంది, మంచి పేరు కాదు. వాడకట్టులోని పిల్లలు సగం, వీళ్లు సగం. అదే వారం, అదే వేళ, అదే చోటు, గంటంబావు. ఆటతో మొదలు, ఆటతో చివర. మధ్యలో అరగంట ఒక పని. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నాలుగు లెక్కకు ఊపిరి తీసి ఆరు లెక్కకు వదలడం, కోపం ఒంట్లో ఎక్కడ పుడుతుందో బొమ్మలో చూపడం, "బడిల ఎవరన్న బాపు గురించి అంటే ఏమనాలె" అని ఇద్దరిద్దరుగా నటించి చూడటం. ఈ మూడోది పిల్లలకు అన్నింటికన్నా ఎక్కువ పనికొస్తుంది. "నాకు ఆ ముచ్చట మాట్లాడాలని లేదు" అని తలెత్తి చెప్పడం నేర్చుకుంటే చాలా గొడవలు ఆగుతాయి. ఎనిమిదో వారం తర్వాత, కావాలన్నవాళ్లకు, జ్ఞాపకాల డబ్బా: చెప్పుల డబ్బాలో తండ్రి ఫొటో, రుమాలు, ఆయన రాసిన చిట్టీ, ఆయన వేసిన విత్తనాలు కొన్ని. ఈ గుంపులు చెడేది ఎక్కువగా ఒకే రకంగా. ఎవరో పట్నం నుంచి మూడు రోజుల కోసం వచ్చి, తండ్రి చనిపోయిన రోజు బొమ్మ గీయమని పిల్లలను ఏడిపించి, ఫొటోలు తీసుకుని పోతారు. గాయం తెరిచిన మనిషి వచ్చే వారం కూడా ఉండాలి. ఉండలేకపోతే తెరవకూడదు, బంతాట ఆడించి పోవచ్చు.

ఏది మామూలు, ఏది కాదు? మొదటి మూడు నెలల్లో పక్క తడపడం, వేలు చప్పరించడం, కడుపునొప్పి, తల్లి కొంగు వదలకపోవడం, పీడకలలు, చిన్నదానికి కొట్లాట. ఇవి మామూలే, నెలనెలా తగ్గుతుండాలి. పక్క తడిపినందుకు కొట్టొద్దు, అందరి ముందు ఆ దుప్పటి ఆరేయొద్దు. పిల్లల మనసు, ప్రవర్తన ఎలా ఉన్నాయో చూసే ఎస్‌డీక్యూ అనే 25 ప్రశ్నల పత్రం వాడతాం గానీ మూడో నెల తర్వాతే. ముందే పెడితే అందరికీ ఎక్కువే వస్తుంది, ఎవరికీ ఉపయోగపడదు. పదకొండేళ్లు దాటినవాళ్లు తామే నింపొచ్చు, చిన్నవాళ్ల గురించి తల్లో టీచరో నింపుతారు. ఆరో నెలలో మళ్లీ చూస్తాం. అంకె కన్నా అది ఎటు నడుస్తుందన్నది ముఖ్యం. ఆరు నెలల తర్వాత కూడా రోజంతా తండ్రి కోసమే తపన, లేదా తండ్రి పేరెత్తితే లేచిపోవడం, బడి పూర్తిగా మానడం, తాగుడు మొదలవడం, చేతుల మీద కోతలు కనబడితే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టరుకు, అక్కడ కుదరకపోతే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపుతాం. చిన్నపిల్ల "బాపు దగ్గరికి పోత" అంటే ఎక్కువసార్లు అది బెంగ. "పోయి ఏం చేస్తవు, ఎట్ల పోతవు" అని మెత్తగా అడిగితే తెలుస్తుంది. పదేళ్లు దాటిన పిల్ల అంటే బెంగ అనుకోకూడదు. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో మందులు, పురుగుమందులు అందకుండా చేయాలి, 14416కి ఫోను చేయాలి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను అది, 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. తెల్లారి ఆసుపత్రికి తీసుకుపోవాలి, పిల్ల నవ్వుతూ తిరుగుతున్నా సరే.

రాకపోకల సంగతి. మొదటి నెల వారానికోసారి, ఆరో నెల దాకా పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి. దీనికి తోడు కొన్ని తేదీలు క్యాలెండర్లో ముందే గుర్తుపెడతాం: బడి తెరిచే రోజు, దసరా, పత్తి అమ్మిన డబ్బు వచ్చే కాలం, పిల్ల పుట్టినరోజు, సంవత్సరీకం. బతుకమ్మ నాడు "మీ ఇంట్ల మైల" అని ఆడపిల్లను పక్కన నిలబెడితే ఆ పిల్ల మర్చిపోదు. ముందే వాడకట్టు ఆడవాళ్లతో మాట్లాడి ఉంచితే చాలాసార్లు వాళ్లే చేయి పట్టుకుని తీసుకుపోతారు. సంవత్సరీకం ముందు రెండు వారాలు పాత లక్షణాలు తిరిగి రావడం మామూలు, తల్లికి ముందే చెప్పకపోతే మళ్లీ మొదటికొచ్చిందని బెదిరిపోతుంది.

ఏడాది తర్వాత మేం తప్పుకుంటాం. అదీ చెప్పకుండా కాదు. రెండు నెలల ముందు నుంచే పిల్లలతో అంటూ, చివరి మూడు రాకలకు పిల్లకు తెలిసిన ఇంకో మనిషిని వెంటబెట్టుకుని. ఆ మనిషి అంగన్‌వాడీ టీచర్ కావచ్చు, మహిళా సంఘం లీడరు కావచ్చు, క్రికెట్ ఆడించే పక్కింటి అన్న కావచ్చు. కాగితాల కట్ట తల్లి చేతికి ఇస్తాం: మరణ ధ్రువపత్రం అసలు, మూడు నకళ్లు, స్పాన్సర్‌షిప్ దరఖాస్తు రసీదు, బ్యాంకు పుస్తకం. ఐదో తరగతి నుంచి ఆరుకు, పది నుంచి ఇంటర్‌కు మారే ఏళ్లలో మాత్రం ఒకసారి వెళ్లి చూస్తాం. బడి మానేది ఎక్కువగా ఆ రెండు చోట్లే. టీసీ తీసుకుని కొత్త బడిలో చేరలేదని హెడ్మాస్టరు నుంచి ఫోను వచ్చేది కూడా అప్పుడే.